ఎండరోజుల సున్నాలు

సెప్టెంబర్ 3, మంగళవారం

పన్నెండు పైపులు, పన్నెండు సున్నాలు. రాయడానికి ఇంతకంటే ఏమీ లేదు. కానీ అక్క మీద ఒళ్ళు మండిపోతోంది. ఎక్కడో ఒకచోట కక్కకపోతే ముద్ద దిగేలా లేదు.

పొద్దున్నే ఫోన్. పెరట్లో గులాబీలు ఎండిపోతున్నాయట. సిమెంటు పోయించిన దగ్గర్నుంచే ఇలా ఉందట. ఆ సలహా నాదేనట. నాదే, కాదనను. జూలైలో వాళ్ళ పెరడంతా బురద, కాలు పెడితే చెప్పు అక్కడే ఉండిపోయేది. అంతా సిమెంటు చేసేసి, గోడ వారన మొక్కలకి జానెడు మట్టి వదలండి అన్నాను. బావ రెండు రోజుల్లో చేయించేశాడు. ఇవాళేమో నీళ్ళు ఎక్కువ పోస్తున్నావేమో అన్నాను, అంతే, అక్క అందుకుంది. మనీప్లాంటుని చంపిన చేత్తో నాకు మొక్కల గురించి చెప్పకే తల్లీ అంది. అది నిజం కాబట్టి ఇంకా మండింది.

అసలు ఆ ఇల్లు కొనమన్నదీ నేనే. దాని పక్కనున్న చెత్తగుట్ట మూసేసి పదకొండేళ్ళయింది. పైన మట్టి కప్పారు, గడ్డి మొలిచింది, తెలియనివాళ్ళు పార్కు అనుకుంటారు. లోపల మాత్రం చెత్త కుళ్ళుతూనే ఉంది. కుళ్ళితే మీథేన్ పుడుతుంది. పైకి దారి దొరక్కపోతే నేల కింద పక్కలకి పాకుతుంది. అది గుట్ట దాటి ఇళ్ళ వైపు వెళ్తోందా లేదా చూడడమే నా ఉద్యోగం. గుట్ట చుట్టూ నేలలోకి దింపిన పైపులు పన్నెండు. ప్రతి మంగళవారం ఒక్కోదానికి మీటరు గొట్టం తగిలించి, రెండు నిమిషాలు ఆగి, వందకి ఎన్ని పాళ్ళు మీథేనో ఆ అంకె రాసుకుని సంతకం పెట్టాలి, దీన్నే రౌండు అంటాం. ఏడేళ్ళుగా నేనే చేస్తున్నాను. అన్నీ సున్నాలే. మా సూపర్‌వైజరుకి సున్నాలంటే ప్రాణం, అందుకని సున్నా సారు అని పేరు పెట్టుకున్నాను. పైకి అనలేదులే.

చివరి వీధిలో పదకొండు ఇళ్ళు. గుట్ట వైపు మొదటిది అక్కది. తొమ్మిదో పైపు నుంచి వాళ్ళ పెరటి గోడకి అరవై అడుగులు. కొనేముందు అక్క భయపడితే ఏడేళ్ళ ఫైలు పట్టుకెళ్ళి టేబుల్ మీద పరిచాను. కళ్ళు మూసుకుని కొనుక్కోండి అన్నాను.

సెప్టెంబర్ 10, మంగళవారం

ముసురు. రౌండు లేదు. హాయి.

సెప్టెంబర్ 12, గురువారం

వాన వెలిసింది, ఎండ కాసింది, రౌండు అయింది. పన్నెండు సున్నాలు.

మాది పాత అలవాటు. మంగళవారం వాన పడితే తెరిపి ఇచ్చాక వెళ్తాం. బురదలో జారి పడడం, మీటరులోకి తడి పోతే అది నెలరోజులు రిపేరుకి పోవడం, ఇవన్నీ ఎవరికి కావాలి? నాకంటే ముందు పనిచేసిన ఆయన కూడా అంతే. ఆయనే నేర్పాడు. వానలో రీడింగ్ తీసేవాడు కొత్తవాడమ్మా అనేవాడు.

సెప్టెంబర్ 17, మంగళవారం

ఎండ. సున్నాలు.

రౌండు అయ్యాక అక్క దగ్గరికి వెళ్ళాను, రాజీకి. అక్క నుదుటికి గుడ్డ కట్టుకుని మిషన్ మీద కూర్చుంది. పెళ్ళిబట్టల ఆర్డరుంది, తల ఎత్తే తీరిక లేదు. వారంగా పొద్దున లేవగానే తల పగిలిపోతోందట. ఎండొచ్చి తలుపులు తీశాక తగ్గుతోందట. కళ్ళద్దాలు మార్చుకో అన్నాను. నాకు అన్నిటికీ సలహా ఉంటుంది కదా.

బావ వంటింటి కిటికీతో కుస్తీ పడుతున్నాడు. బస్సు డ్రైవరు. ఆ పెద్ద స్టీరింగు తిప్పే చేతులతో గుద్దినా కిటికీ రెక్క మూతపడదు. చిత్రిక పట్టించండి బావా, ఎన్నాళ్ళని గుద్దుతారు అన్నాను. రేపు అన్నాడు. బావ రేపులన్నీ పోగేస్తే ఒక శతాబ్దం అవుతుంది అంది అక్క. నవ్వుకున్నాం. గులాబీలు మాత్రం వేళ్ళతో సహా నల్లబడ్డాయి. ఒకటి పీకి చూశాను, మెత్తగా ఊడొచ్చింది.

సెప్టెంబర్ 21, శనివారం, సాయంత్రం 6

అక్క ఇంటి గుమ్మంలో కూర్చుని రాస్తున్నాను, మీటరు అంకె దిగేదాకా.

మీటరు చెకింగుకి ఇచ్చాం, అది తెచ్చుకుని వస్తుంటే వాన పట్టుకుంది. దారిలో అక్క ఇంట్లో దూరాను. తలుపులూ, బావ ఎలాగో గుద్ది మూసిన వంటింటి కిటికీతో సహా కిటికీలూ బిగించి అక్క మిషన్ తొక్కుతోంది. వంటింట్లో స్టూలు మీద కూర్చుని, మీటరు సరిగ్గా సెట్ చేశారో లేదో చూద్దామని ఆన్ చేశాను. 0.8.

పాడు చేసిచ్చారు అనుకున్నాను. వీధిలోకి వెళ్ళి చూస్తే సున్నా. మళ్ళీ వంటింట్లో 0.8. సింకు కింద పైపు నేలలోకి దిగే చోట సిమెంటు సరిగ్గా అంటలేదు, వేలు పట్టేంత సందు ఉంది. అక్కడ పెట్టాను.

3.6.

గాలిలో వందకి ఐదు పాళ్ళు ఈ గ్యాసు చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. స్విచ్ వేసినప్పుడు లోపల మెరిసే రవ్వ కూడా చాలు. పోనీ వాసనొస్తుందా అంటే రాదు. ముక్కు పెట్టి వెతికినా దొరకదు. అక్క స్టవ్ ముందు నిలబడి టీ పెడతానుండవే అంటూ లైటరు చేతిలోకి తీసుకుంది. ఎలా లాక్కున్నానో తెలీదు, అక్క గోరు విరిగింది. పిచ్చి పట్టిందా నీకు అని అరిచింది. పట్టింది.

అదే రోజు, 8 గంటలు

తలుపులన్నీ బార్లా తీయించి, అంకె సున్నాకి దిగాక, వానలోనే తొమ్మిదో పైపు దగ్గరికి వెళ్ళాను. రెండుసార్లు జారి పడ్డాను. మీటరుని ప్లాస్టిక్ సంచిలో పెట్టి గొట్టం తగిలించాను.

27.

మొన్న మంగళవారం ఇదే పైపు సున్నా.

ఇంటికొచ్చి ఏడేళ్ళ ఫైలు తీశాను. నా డైరీలు చూసి తేదీల పక్కన ఆ రోజు వాతావరణం రాసుకుంటూ వచ్చాను. ఎండ. ఎండ. వాన వెలిశాక. ఎండ. ముసురు పట్టినప్పుడు గాలి ఒత్తిడి పడిపోతుంది, నేల బిగపట్టిన ఊపిరి అప్పుడు వదులుతుంది. ఎండ కాసినప్పుడు గాలి బరువు పైనుంచి అదిమి పెడుతుంది, గ్యాసు లోపలే అణిగి ఉంటుంది. ఇది ట్రైనింగులో మొదటి రోజు చెప్పిన పాఠం, నోట్సు కూడా రాసుకున్నాను. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా అది ఊపిరి వదిలే రోజు వెళ్ళలేదు. దొంగ ఇంట్లో లేనప్పుడే తలుపు తట్టి, ఇక్కడ దొంగ లేడండీ అని రాసిచ్చాను.

ఆపైన సిమెంటు. పెరట్లో మట్టి ఉన్నన్నాళ్ళూ వచ్చింది వచ్చినట్టు గాలిలో కలిసిపోయేది. నేను దానికి మూత పెట్టించాను. ఇంకెటు పోతుంది? గులాబీల వేళ్ళకి ఊపిరాడకుండా చేసి, ఇంట్లోకే. అక్క తలనొప్పీ అందుకే.

సెప్టెంబర్ 23, సోమవారం

సున్నా సారుకి అంతా చెప్పాను. ఫైలు ముందు పెట్టాను. ఆయన అరవలేదు, అరిస్తే బాగుండేది. కళ్ళజోడు తుడుచుకుని, ఈ సంతకాలు ఎవరివమ్మా అన్నాడు. నావే సార్ అన్నాను. మరి ఏడేళ్ళు తప్పు, మొన్న ఒక్కరోజు ఒప్పు అని పైవాళ్ళకి ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు, మీటరు తడిసిందేమో అన్నాడు. రేపు రూలు ప్రకారం రౌండు వెయ్యి, అందులో ఏదైనా వస్తే పదకొండు ఇళ్ళూ ఖాళీ చేయించే పూచీ నాది అన్నాడు.

రేపు ఎండ కాస్తుందట.

సెప్టెంబర్ 24, మంగళవారం

ఎండ. తొమ్మిదో పైపు: 0.0.

ఇంతకాలం ఏ అంకె చూసి హాయిగా ఇంటికెళ్ళానో ఆ అంకెనే ఇవాళ రాయి పెట్టి కొట్టాలనిపించింది.

సెప్టెంబర్ 25, బుధవారం

ఫైర్ స్టేషనుకి నేనే ఫోన్ చేశాను. వచ్చారు, పాపం. మిట్టమధ్యాహ్నం, నిప్పులు చెరిగే ఎండలో వచ్చారు. ఇల్లంతా చూశారు. సున్నా. వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. వెళ్ళేటప్పుడు వాళ్ళలో ఒకాయన, జాగ్రత్త మంచిదే అమ్మా అన్నాడు నవ్వు ఆపుకుంటూ. సాయంత్రానికి నాకు గ్యాసమ్మ అని పేరొచ్చింది. ఒకడైతే ఇల్లు కాలాకే రావమ్మా, చుట్ట ముట్టించుకోవచ్చు అన్నాడు.

బావని సిమెంటు పగలగొట్టమని అడిగాను. పోయించమన్నదీ నువ్వే, పగలగొట్టమన్నదీ నువ్వేనా, ఏదో ఒకటి ఖాయం చేసుకుని చెప్పు, రేపు చూద్దాం అన్నాడు.

సెప్టెంబర్ 26, గురువారం

వాయుగుండం వస్తోందట. శనివారం తెల్లవారేసరికి తీరం దాటుతుందట. ఒత్తిడి ఈ ఏడాదంతటిలోకీ తక్కువట. వార్తల అమ్మాయి నవ్వుతూ చెప్పింది. గొడుగులు సిద్ధం చేసుకోండి అంది.



సెప్టెంబర్ 27, శుక్రవారం, సాయంత్రం

అక్కతో గొడవ. ఇలాంటి గొడవ మా అమ్మ పోయినప్పుడు కూడా పడలేదు.

మా ఇంటికి వచ్చెయ్యండి, రెండు రోజులే, నీ కాళ్ళు పట్టుకుంటాను అన్నాను. నిజంగానే పట్టుకున్నాను. అక్క కాళ్ళు వెనక్కి లాక్కుంది. సోమవారానికి పెళ్ళిబట్టలు ఇవ్వాలి, మిషన్ నెత్తిన పెట్టుకుని రానా అంది. తర్వాత మిషన్ ఆపేసి నెమ్మదిగా మాట్లాడింది. ఏప్రిల్‌లో ఒక నువ్వు వచ్చి ఏం లేదు కొనుక్కో అన్నావు. ఇప్పుడొక నువ్వు వచ్చి చస్తావు లేచి రా అంటున్నావు. ఇద్దరి చేతిలోనూ అదే మీటరు. వీళ్ళలో నా చెల్లెలెవరో నువ్వే చెప్పు అంది.

కనీసం వంటింటి కిటికీ తీసి పడుకో అక్కా అన్నాను. వాన జల్లు కొడితే గుడ్డలు తడుస్తాయి, మూసే పడుకుంటాను అంది. ఆ మాట మొహం మీదే అంది. పొద్దున స్టవ్ వెలిగించొద్దని, లైటు వెయ్యొద్దని బావకి చెప్పాను. డ్యూటీ అయిదున్నరకి, చీకట్లో బనీను తిరగేసుకుని వెళ్ళాలా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు.

వచ్చేశాను. వాన మొదలైంది.

సెప్టెంబర్ 28, శనివారం, ఉదయం 9

వీధివాళ్ళు కొందరు ఇక్కడే ఉన్నారు. స్కూలు వరండాలో రాస్తున్నాను. మొదట్నుంచీ రాయాలి, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

బావ నాలుగూ ముప్పావుకి లేస్తాడు. లేవగానే లైటు, తర్వాత స్టవ్. ఇన్నేళ్ళుగా అదే వరస. నాలుగున్నరకి స్కూటర్ మీద బయల్దేరాను. గాలివాన, రోడ్డు కనబడదు. వీధి మొదట్లోనే స్కూటర్ ఆపేసి పరిగెత్తాను. కాలింగ్ బెల్ నొక్కబోయి ఆగాను, అదీ స్విచ్చే. ఫోన్ చేస్తే లోపల ఫోన్ మోగుతుంది, లైటు వేస్తారు. ఇంటి పక్క సందులోంచి వంటింటి వైపు వెళ్ళి గోడని అరచేతులతో బాదాను. బావా లైటు వెయ్యకండి, అక్కా లైటు వెయ్యకండి అని అరుస్తూనే ఉన్నాను. వాన హోరు. నా గొంతు నాకే వినబడడం లేదు.

లైటు వెలిగింది.

ఎవరో గోడ బాదుతుంటే ఎవరైనా చేసేది అదే కదా. లైటు వేసి చూస్తారు. నేనే వేయించాను.

ఒకటి, రెండు, మూడు. ఏమీ కాలేదు. బల్బు వెలుగుతోంది. ఆ వెలుగులో కనిపించింది, వంటింటి కిటికీ బెత్తెడు తెరిచి ఉంది. గాలి దాంట్లోంచి ఈలవేస్తూ పోతోంది. కింద నేల మీద తడి పీల్చడానికి అక్క పాత దుప్పటి మడతపెట్టి వేసింది.

మూసే పడుకుంటానని మొహం మీద చెప్పిన మనిషి. తెరిచి పడుకుంది. నా మాట విన్నది.

ఇద్దర్నీ లుంగీతో, నైటీతో బయటికి లాగాను. కిటికీ దగ్గర 1.9. సింకు కింద సందులో 14. ఆ బెత్తెడు సందే లేకపోతే గది నిండా ఏ అంకె ఉండేదో నాకు తెలుసు, ఇక్కడ రాయను. పక్క ఇళ్ళ కిటికీలు కొట్టి కొట్టి చేతులు వాచాయి. గ్యాసమ్మ వచ్చిందిరోయ్ అని ఎవరో అన్నారు గానీ, అక్క నైటీలో వానలో నిలబడి వణుకుతుంటే చూసి ఇంకెవరూ నవ్వలేదు. ఫైర్ వాళ్ళు ఈసారి వానలో వచ్చారు. పదకొండు ఇళ్ళలో నాలుగింట్లో అంకె ఉంది.

మధ్యాహ్నం

సున్నా సారు వచ్చాడు. రెయిన్‌కోటు వేసుకుని, ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని. ఏడేళ్ళలో ఆయన్ని గుట్ట దగ్గర చూడడం ఇదే. మీటరు ఆయన చేతికే ఇచ్చాను. తొమ్మిదో పైపుకి గొట్టం ఆయనే తగిలించాడు. రెండు నిమిషాలు ఆగాం.

41.

ఆయనే ఆ అంకెని ఫారంలో రాశాడు. ఫారం మీద నా సంతకం కింద తన సంతకం పెట్టాడు. నేను మాత్రం ఒక్కరోజైనా వానలో వెళ్ళమన్నానా అన్నాడు. తర్వాత వీధంతా ఖాళీ చేయించమని ఫోన్ చేశాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు. ఇక ఆయన్ని ఆ పేరుతో పిలవను.

అక్టోబర్ 6, ఆదివారం

అక్క, బావ, మిషన్, అన్నీ నా రెండు గదుల్లోకి చేరాయి. ఉన్నది ఒక్కటే టేబుల్, దాని మీద బట్టలు కత్తిరించాలి, తినాలి, నేను ఇది రాసుకోవాలి. పెళ్ళివాళ్ళు పరిస్థితి విని రెండు రోజులు ఆగారు, పెళ్ళి సరిగ్గానే జరిగింది. గుట్టకీ వీధికీ మధ్య లోతుగా కందకం తవ్వుతున్నారు. గులకరాయి నింపి గొట్టాలు పెడితే గ్యాసు అక్కడే పైకి పోతుందట. పెరట్లో సిమెంటు పగలగొట్టేశారు. అక్క పోయి చూసొచ్చి మళ్ళీ మిషన్ మీద కూర్చుంది.

తిట్టినా బాగుండేది. ఇల్లు పోగొట్టిందాన్ని నేనే కదా. కానీ ఏ రాత్రి నిద్ర పట్టకపోయినా ఆ కిటికీ గుర్తు చేసుకుంటాను. పైకి ఎన్ని అన్నా లోపల నన్ను నమ్మింది. ఇవాళ ఉండబట్టలేక అడిగేశాను, ఆ రోజు నా మాట విన్నందుకు థాంక్స్ అక్కా అని. అక్క దారం కొరుకుతూ తల వంచుకుంది. సిగ్గు కాబోలు. మా ఇంట్లో ఎవరికీ ఇలాంటివి చెప్పుకోవడం రాదు.

అక్టోబర్ 15, మంగళవారం

ఎండ. తొమ్మిదో పైపు 0.0. సంతకం పెట్టలేదు. ఫారంలో కొత్త గడి గీయించాను, గాలి ఒత్తిడికి. వాన వచ్చినప్పుడు మళ్ళీ వెళ్తాను అని పక్కన రాశాను. ఎండగా ఉంటే గుండె దడ, మబ్బేస్తే ఇంకా దడ. అక్క నా మొహం చూసి తిన్నావా అని మాత్రం అడుగుతోంది.

తేదీ లేదు

ఇది అక్కని. టేబుల్ మీద పెట్టి వెళ్ళావు, చదివాను. తప్పే, తిట్టుకో.

ఆ కిటికీ నేను తియ్యలేదే. మూద్దామని ఆ రాత్రి రెండుసార్లు తోశాను, మీ బావ కూడా గుద్దాడు. వానకి చెక్క ఉబ్బి మూతపడలేదు. దుప్పటి వేసి, నిన్ను తిట్టుకుంటూ పడుకున్నాను. నువ్వు థాంక్స్ అన్నప్పుడే చెప్పాల్సింది, నోరు రాలేదు.

రేపు మంగళవారం. మబ్బు పట్టింది. గొడుగు తలుపు వెనక పెట్టాను.